వినడానికి లైసెన్సు

విస్సన్నపేట విశ్వతేజ మీద అర్జీ పెట్టింది సరోజినీదేవే. తర్వాత జరిగినవన్నీ ఆ అర్జీ వెనకాలే వచ్చాయి కాబట్టి ఈ సంగతి ముందే చెప్పాలి. ఆవిణ్ణి పెట్టమని ఎవరూ అడగలేదు. భర్త ఆదిశేషయ్య అయితే వద్దనే అన్నాడు.

తిరువూరులో ఆదిశేషయ్యకు రైసుమిల్లు ఉంది. మిల్లు ఆఫీసు మీద ఒక గది, గది ముందు డాబా. సరోజినీదేవి చాలా ఏళ్లు ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా పనిచేసింది. పిల్లలు చెప్పబోయేది నోట్లో ఉండగానే పెద్దవాళ్లు జవాబు చెప్పేస్తారని ఆ ఉద్యోగంలోనే గమనించింది. ఉద్యోగం మానేశాక బెంగళూరులో ఒక సిస్టర్ నడిపే సంస్థలో కౌన్సెలింగు నేర్చుకుంది. రెండేళ్లపాటు రైలెక్కి వెళ్లొచ్చింది. ఆ సిస్టర్ ఎప్పుడూ ఒకటే చెప్పేది: వచ్చినవాళ్లను రోగులనొద్దు, జబ్బు పేరు పెట్టొద్దు, సలహాలు పొయ్యొద్దు. వాళ్ల బతుకు గురించి నీకంటే వాళ్లకే ఎక్కువ తెలుసు. ఆ మాట నమ్మి, భయపడకుండా చెప్పుకునే చోటు ఇవ్వు.

చెప్పుకోవడానికి తేలికగానే ఉంటుంది. ఎదురుగా ఒక మనిషి ఏడుస్తుంటే నోరు మూసుకుని కూర్చోవడం ఎంత కష్టమో కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది. సరోజినీదేవి ఆ కష్టం అలవాటు చేసుకుంది. మిల్లు మెట్ల దగ్గర చిన్న బోర్డు పెట్టింది. పత్తి పోయిన రైతులు వచ్చేవాళ్లు. అత్తగారితో పడని కోడళ్లు, కోడళ్లతో పడని అత్తగార్లు వచ్చేవాళ్లు. ఇంటరు తప్పిన పిల్లలు వచ్చేవాళ్లు. అందరూ బాగుపడ్డారని ఆవిడ ఎన్నడూ చెప్పుకోలేదు. ఒకాయన రెండోసారి వచ్చినప్పుడు, "మీరేం చెప్పట్లేదు కదండీ, ఇంకెందుకు రావడం?" అని లేచి వెళ్లిపోయాడు కూడా.

ఆ మెట్లెక్కి ఒకరోజు గ్లోరి వచ్చింది. గంపలగూడెంలో అంగన్‌వాడీ టీచరు. భర్త లేడు, ఒక్కడే కొడుకు. పేరు ప్రేమ్ కిరణ్, ఇంటరు రెండో సంవత్సరం. వాడు పుస్తకం ముట్టడం లేదనీ, పొద్దస్తమానం ఫోనేననీ విస్సన్నపేటలో విశ్వతేజ దగ్గరికి తీసుకెళ్లింది. తెల్లకోటు వేసుకున్న ఫోటోతో అక్కడ పెద్ద బోర్డుంది. మెదడు కడగాలన్నాడాయన. కొన్నాళ్లు తన దగ్గరే వదిలిపెట్టమన్నాడు. కిటికీ లేని గదిలో, దీపం లేకుండా, ఎవరితో మాటల్లేకుండా పిల్లవాణ్ణి ఉంచి బయట గడియ పెట్టాడు.

ఇంటికొచ్చాక ప్రేమ్ కిరణ్ ఏ గదిలోనూ తలుపు వేయనివ్వలేదు. స్నానానికి వెళ్లినా తలుపు ఓరగా తీసే ఉండాలి. బస్సులో ఫుట్‌బోర్డు దగ్గరే నిలబడేవాడు. కాలేజీలో లెక్చరరు తలుపు మూశాడని లేచి వచ్చేశాడు, మళ్లీ వెళ్లలేదు.

"నేనే తీసుకెళ్లి అప్పజెప్పానండి," అంది గ్లోరి.

సరోజినీదేవి వాణ్ణి గదిలోకి రమ్మనలేదు. రెండు కుర్చీలు తెచ్చి డాబా మీద వేసింది. కింద మిల్లు ఆడుతోంది, పైదాకా తవుడు వాసన. వాడు కూర్చోలేదు. పిట్టగోడ పట్టుకుని రోడ్డు మీద లారీలు చూస్తూ నిలబడ్డాడు. ఆవిడ పిలవలేదు. తర్వాతి వారం కూడా అంతే. ఆ తర్వాత ఒకరోజు వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

"ఆ బియ్యం లారీ ఎక్కడికెళ్లిద్ది మేడమ్?"

"కాకినాడ."

"అక్కణ్ణుంచి?"

"ఓడలో వెళ్తాయట. నేనూ చూళ్లేదు."

మరుసటిసారి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఇంకా కొన్ని వారాలకు ఆ గది సంగతి చెప్పాడు. మొదట్లో తలుపు బాదాడట. అరిచాడట. గొంతు పోయాక వాళ్లమ్మ గొంతు పెట్టి తనను తానే పిలుచుకునేవాడట, ఎవరో ఉన్నట్టుంటుందని.

"బయట వాళ్లు మాట్లాడుకోవడం నాకు వినపడేది మేడమ్," అన్నాడు. "అంటే నేను కొట్టడం కూడా వాళ్లకు వినపడినట్టే కదా."

సరోజినీదేవి వాడి కుర్చీ పక్కకు తన కుర్చీ కాస్త జరుపుకుంది. వాడు చాలాసేపు ఏడ్చి, మొహం కడుక్కుని, ఆకలేస్తోందన్నాడు. కిందికెళ్లి ఇద్దరూ పెసరట్టు తిన్నారు. ఆ వారం నుంచే వాడు ఇంట్లో అన్నం దగ్గర తల్లితో మాట్లాడటం మొదలుపెట్టాడు.

అప్పుడే ఆవిడ గ్లోరితో అంది, "ఊరుకుంటే ఇంకో పిల్లవాణ్ణి పెడతాడమ్మా ఆ గదిలో. కలెక్టరుగారికి అర్జీ పెడదాం."

"మావాడి పేరు బయటికొచ్చిద్దేమోనండి."

"రానివ్వను. పూచీ నాది."

ఇంట్లో ఆదిశేషయ్య విసుక్కున్నాడు. "ఈ చుట్టుపక్కల ఇంకెవరూ లేనట్టు నువ్వే ఎందుకు, సరోజా? రేపు వాడేదో నీ మీద రాస్తాడు."

"రాస్తే రాయనివ్వండి. నేను ఎవరి మీదా గడియ పెట్టలేదు."

సోమవారం ఇద్దరాడవాళ్లూ విజయవాడ బస్సెక్కి వెళ్లి అర్జీ ఇచ్చి వచ్చారు.

మనసు బాగుచేస్తామని చెప్పేవాళ్లందరికీ చదువుండాలి, రిజిస్ట్రేషన్ ఉండాలి అన్న చట్టం అప్పటికే ఉంది. ఢిల్లీలో పుట్టిన ఆ చట్టం తిరువూరు దాకా మాత్రం రాలేదు. దాన్ని తిరువూరు బస్సెక్కించింది సరోజినీదేవి అర్జీయే. అధికారులు కదిలారు. విచారణ తేలేదాకా విశ్వతేజ క్లినిక్కు మూయించారు. పేపర్లో పడింది. సరోజినీదేవి ఆ వార్త రెండుసార్లు చదువుకుంది. చట్టమంటే ఇలా ఉండాలి అనుకుంది.

ఆ నెలలోనే అధికారులు మిల్లు మెట్లు కూడా ఎక్కారు. ముందు నడిచొచ్చిన అధికారి పేరు ఏబెల్. మర్యాదస్తుడు. చెప్పులు బయట విడిచి లోపలికొచ్చాడు.

"రిజిస్ట్రేషన్ చూపిస్తారా మేడమ్?"

ఆవిడ బెంగళూరు సర్టిఫికెట్టు చూపించింది. ఆయన దాన్ని వెలుతురులో పెట్టి చూశాడు.

"ఇది యూనివర్సిటీ కాదు కదండీ."

"కాదండీ. రెండేళ్లు నేర్పారు."

"ఏ జబ్బుకు ఏం చేస్తారు మీరు?"

"జబ్బు అని నేను అననండీ."

"పోనీ, వచ్చినవాళ్లకు ఏం చేస్తారు?"

"వింటాను."

వెనకున్న కుర్రగుమాస్తా కిసుక్కున నవ్వాడు. ఏబెల్ వాడివైపు కోపంగా చూసి, మళ్లీ ఆవిడవైపు తిరిగాడు.

"నవ్వడానికి కాదు మేడమ్, నిజంగానే అడుగుతున్నాను. వినడం అని రాసుకోవడానికి మా ఫారంలో గడి లేదు. మీరేదైనా పద్ధతి పేరు చెబితే రాసుకుంటాను. అప్పుడైనా ఆ పద్ధతిలో డిగ్రీ ఉందా అని అడగాల్సిందే." సర్టిఫికెట్టు తిరిగిచ్చి అన్నాడు, "ఆ విస్సన్నపేట సంగతి బయటపెట్టింది మీరేనట కదా. మంచి పని చేశారు. కానీ ఆయన్ని మూయించి మిమ్మల్ని వదిలేశామంటే రేపు మమ్మల్ని అడుగుతారు."

ఇకపై కౌన్సెలింగు చేయనని ఆవిడ చేత రాయించుకున్నారు. బోర్డు తీయించారు. వెళ్తూ వెళ్తూ ఏబెల్ నమస్కారం పెట్టాడు.

ఆ సాయంత్రం ఆదిశేషయ్య ఒక ఉపాయం చెప్పాడు. "బోర్డు మార్చు, అయిపోతుంది. సత్సంగం అని రాయించు. దేవుడి పటం ఒకటి పెట్టు. ఒక్క ఆఫీసరు కూడా మెట్టెక్కడు. వచ్చేవాళ్లు ఎటూ వస్తారు."

ఆయన వెటకారానికి అనలేదు. నిజంగానే అది పనిచేసేది. ఆవిడకూ తెలుసు.

"అబద్ధం బోర్డు కింద కూర్చుని ఎవర్నండీ నిజం చెప్పమంటాను?" అందావిడ.

"అలాగైతే ఇంట్లో కూర్చో," అన్నాడాయన. ఆ మాటలో కోపం కంటే భయమే ఎక్కువ. ఈ తనిఖీలు రేపు మిల్లు మీదకు కూడా వస్తాయేమోనన్నది ఆయన బెంగ.

ఆవిడ మాత్రం ప్రేమ్ కిరణ్ సంగతే ఆలోచించింది. వాడు సగంలో ఉన్నాడు. డాబా మీద నుంచి గది గుమ్మం దాకా వచ్చాడు, గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చోగలుగుతున్నాడు. ఇప్పుడు వదిలేస్తే ఎలా?

ఊళ్లో ఒక ట్రస్టు ఆసుపత్రికి విజయవాడ నుంచి బుధవారాలు ఒక సైకాలజిస్టు వచ్చేది. పేరు వినీల. ముప్పై ఏళ్లుండవు. డిగ్రీలున్నాయి, రిజిస్ట్రేషన్ ఉంది, వచ్చేసరికి వరండా నిండా జనం ఉంటారు. సరోజినీదేవి వెళ్లి తన సంగతంతా చెప్పింది. ఆ పిల్ల మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీయకుండా అలాగే విన్నది.

"మిమ్మల్ని మూయించడం నాకేం సంతోషం కాదు మేడమ్," అంది వినీల. "కానీ ఒక్కమాట. మీలాంటివాళ్లు ఒకరుంటే ఆ విశ్వతేజ లాంటివాళ్లు పదిమంది ఉన్నారు. ఇద్దరూ డిగ్రీ లేకపోయినా పర్లేదనే అంటారు, ఇద్దరూ నన్ను నమ్మండనే అంటారు. పిల్లాణ్ణి చేత్తో పట్టుకుని వచ్చిన తల్లికి తేడా ఎలా తెలుస్తుంది, చెప్పండి."

సరోజినీదేవి దాచకుండా చెప్పింది, "నాకు తెలీదమ్మా."

వినీల ఒక దారి చూపించింది. తన కింద సహాయకురాలిగా పెట్టుకుంటే ఆవిడ పిల్లవాణ్ణి చూడొచ్చు. ప్రశ్నలు అడిగి, మార్కులు వేసి, కాగితం మీద సంతకం పెట్టాలి. సరోజినీదేవి ఒప్పుకుంది.

"తలుపు మాత్రం వేయాలి మేడమ్," అంది వినీల.

"వాడు వేయనివ్వడమ్మా. వాడి బాధే అది."

"బయట జనాన్ని చూశారుగా. వాడు చెప్పేది ఇంకొకరి చెవిన పడకూడదు. అది వాడి మంచికే పెట్టిన రూలు. కిందటిసారి తలుపు తీసి ఉందని నాకు నోటీసిచ్చారు." అన్నం డబ్బా పక్కకు జరిపింది. "ఈ ఒక్కసారికి కానివ్వండి. మొదటి కాగితం పూర్తయిందంటే ఆ తర్వాత ఏదో ఒకటి చేద్దాం."

ఆ రూలు తప్పని సరోజినీదేవి అనలేకపోయింది. తన గదిలోనైనా ఒకరి మాట ఇంకొకరి చెవిన పడనిచ్చేది కాదు.

బుధవారం గ్లోరి కొడుకుని తీసుకొచ్చింది. చిన్న గది, బల్ల, రెండు కుర్చీలు. ప్రేమ్ కిరణ్ సరోజినీదేవిని చూసి నవ్వాడు.

"తలుపు వేయాలట, నాన్నా. వేయనా?"

"వేయండి మేడమ్. పర్లేదు."

ఆ పర్లేదు ఎలాంటిదో ఆవిడకు తెలుసు. తెలిసే వేసింది.

కాగితం చూసి చదవడం మొదలుపెట్టింది. గత రెండు వారాల్లో కారణం లేకుండా భయం వేసిందా? లేదండి. నిద్రలో ఉలిక్కిపడ్డావా? లేదండి. జరిగినది మళ్లీ మళ్లీ గుర్తుకొస్తోందా? లేదండి. వాడి కళ్లు తలుపు గడియ మీదే ఉన్నాయి. ప్రశ్న పూర్తి కాకుండానే జవాబు వచ్చేస్తోంది. పైపెదవి మీద చెమట. ఇన్ని నెలల్లో వాడు ఆవిణ్ణి అండి అనలేదు, మేడమ్ అనేవాడు. ఈ అండి ఆ తెల్లకోటాయన దగ్గర నేర్చుకున్నది అయ్యుంటుందని ఆవిడకు తోచింది.

అక్కడితో ఆపేయొచ్చు. లేచి తలుపు తీయొచ్చు. కానీ తొందరగా అయిపోతే వాడు తొందరగా బయటపడతాడు అనుకుంది. చెప్పింది చెప్పినట్టే రాసింది. మొత్తం సున్నా వచ్చింది. కింద సంతకం పెట్టింది.

తలుపు తీయగానే వాడు వరండాలో జనాన్ని తోసుకుని రోడ్డు మీదకు పరిగెత్తాడు. గ్లోరి వెనకాలే వెళ్లింది. తర్వాతి బుధవారం వాళ్లు రాలేదు. సున్నా వచ్చినవాళ్లను మళ్లీ పిలవాల్సిన పనిలేదని ఆసుపత్రివాళ్లు అన్నారు.

విచారణ విజయవాడలో జరిగింది. పొడవాటి బల్ల, అటువైపు విచారణ కమిటీ తాలూకు ముగ్గురు పెద్దమనుషులు. విశ్వతేజ తెల్లచొక్కాతో, చేతులు కట్టుకుని, శిష్యుడిలా కూర్చున్నాడు. తీరా చూస్తే ఆయనకు డిగ్రీ ఉంది. ఎక్కడో దూరవిద్యలో తీసుకున్నదే, కానీ గుర్తింపున్న డిగ్రీ. రిజిస్ట్రేషన్‌కు అప్పటికే దరఖాస్తు కూడా పెట్టేశాడు. ఆ బల్ల చుట్టూ ఉన్నవాళ్లలో చెల్లే కాగితమేదీ లేనిది సరోజినీదేవి ఒక్కతే.

విశ్వతేజ తరఫు లాయరు లేచాడు. పెద్దగా అరవలేదు.

"అబ్బాయి మీ దగ్గరికి వచ్చిన కొత్తల్లో వారాల తరబడి మాట్లాడలేదు. అవునా అండీ?"

"అవునండీ."

"మీరు డాబా మీద కుర్చీ వేసి కూర్చోబెట్టారు. అది ఏ చికిత్స?"

"చికిత్స కాదండీ. వచ్చినవాళ్లు చెప్పింది నమ్మడమే నా పద్ధతి."

"మరి గదిలో పెట్టి హింసించారన్న మాట వాడి నోట ఎప్పుడొచ్చింది? మీ దగ్గర కూర్చున్నాకే కదా? రిజిస్ట్రేషన్ లేని మీరు, వాడి మనసులో అది నాటలేదని ఏమిటి రుజువు?"

"నేను వాణ్ణి ఏమీ అడగలేదండీ. వాడే చెప్పాడు."

లాయరు ఒక కాగితం తీసి ఆవిడ ముందు పెట్టాడు. ఆసుపత్రి నుంచి కమిటీ తెప్పించినదే. "ఈ సంతకం మీదేనా?"

"నాదే."

"భయం లేదు, ఉలికిపాటు లేదు, గుర్తుకు రావడం లేదు. మొత్తం సున్నా. మీరే రాశారు."

"వాడు చెప్పింది రాశానండీ. వాడు..." ఆవిడ కాగితం మీద వేలు పెట్టింది. "తలుపు వేసి ఉంది. భయపడి అలా చెప్పాడు. అది నిజం కాదు."

"వచ్చినవాళ్లు చెప్పింది నమ్మడమే మీ పద్ధతి అని ఇందాక మీరే అన్నారు. డాబా మీద చెప్పింది నమ్మాలి, ఆసుపత్రిలో చెప్పింది నమ్మకూడదు. అంతేనా మేడమ్?"

బల్ల అవతల ఒకాయన కళ్లజోడు తుడుచుకుంటూ చిన్నగా నవ్వాడు. సరోజినీదేవి కాగితం లాయరు వైపు తోసింది. ఒకరి మాట వినడం తెలుసు కానీ, తన మాట వినిపించడం ఎలాగో ఆవిడ ఎక్కడా నేర్చుకోలేదు.

నెల తిరక్కుండా తీర్పు వచ్చింది. పిల్లవాడికి హాని జరిగినట్టు ఆధారాలు లేవు. అయితే ఆ గదికి గాలి సరిగా రావడం లేదు కాబట్టి కిటికీ ఒకటి పెట్టించాలని విశ్వతేజకు సూచించారు. ఆయన పెట్టించాడు. బోర్డు కూడా కొత్తది రాయించాడు, పేరు కింద రిజిస్ట్రేషన్ నంబరుతో సహా.

వినీల ఫోను చేసింది. "కమిటీ అడిగితే ఇవ్వక తప్పలేదు మేడమ్. ఇవ్వకపోతే నా రిజిస్ట్రేషన్ పోయేది." ఏడుస్తున్నట్టుంది. సరోజినీదేవికి ఆ పిల్ల మీద కోపం రాలేదు. వస్తే బాగుండేది అనిపించింది. ఆసుపత్రికి మాత్రం మళ్లీ వెళ్లలేదు.

గ్లోరి ఇంటికి వచ్చింది, కూర్చోమంటే కూర్చోలేదు.

"పేరు బయటికి రానివ్వనన్నారు మేడంగారూ. అక్కడ అందరి ముందూ చదివారు. ఆ కాగితమేదో ఫోన్లలో తిరుగుతోందంట. మావాణ్ణి కాలేజీ పిల్లలు చీకటిగాడు అంటున్నారు."

"గ్లోరీ, నేను..."

"మిమ్మల్ని ఏమీ అనట్లేదండి. ఇంక మా ఇంటికి రావద్దు, అంతే."

సరోజినీదేవి కొన్నాళ్లు ఆ మాట పాటించింది. పత్తి తీతలు మొదలయ్యాక ఉండలేక గంపలగూడెం ఆటో ఎక్కింది. ఇంట్లో ఎవరూ లేరు. పక్కింటివాళ్లు చేను చూపించారు. కూలీల మధ్య ప్రేమ్ కిరణ్ నడుముకు గోతం కట్టుకుని పత్తి తీస్తున్నాడు. ఆవిణ్ణి చూసి గట్టు దాకా వచ్చాడు. నల్లబడ్డాడు, భుజాలు వెడల్పయ్యాయి.

"మళ్లీ కాలేజీకి వెళ్లలేదా నాన్నా?"

"లేదండి. ఇక్కడ బాగుందండి, చుట్టూ ఏమీ ఉండదు."

"నామీద కోపంగా ఉందా?"

వాడు అబద్ధం చెప్పదలుచుకోలేదని తెలుస్తోంది.

"కోపం కాదండి. ఆ తెల్లకోటాయన తలుపేస్తే, ఆయన అలాంటోడు, ఏస్తాడు అనుకున్నా. మీరేశారు." వేళ్లకు పట్టిన పత్తి పీచు దులుపుకున్నాడు. "ఎండెక్కువైంది, వెళ్లండి. మళ్లీ ఆటోలు దొరకవు."

గోతం సర్దుకుని సాళ్లలోకి వెళ్లిపోయాడు. వాడు వెనక్కి తిరిగి చూస్తాడేమోనని ఆవిడ గట్టు మీద నిలబడింది. వాడు చూడలేదు.

తిరుగు ఆటోలో సందు లేదు. డ్రైవరు "జరగండమ్మా, జరగండి" అంటూ ఇంకొకామెను ఎక్కించాడు. ఒళ్లో సంచి పెట్టుకుని ఆ మనిషి సరోజినీదేవి పక్కన ఇరుక్కుని కూర్చుంది. రెండు మలుపులు తిరిగేసరికి మొహం చూసి గుర్తుపట్టింది.

"మీరు మిల్లు మీద కూర్చునే మేడంగారు కదండీ? మీ గురించి మా తోడికోడలు చెప్పింది. మా చిన్నది నెల్లాళ్లనుంచి నోరు విప్పట్లేదండి. తింటది, పనిచేస్తది, మాట మాత్రం లేదు. ఏమైందే అంటే గోడకేసి తిరిగి పడుకుంటది. ఒకసారి మీ దగ్గరికి..."

"తిరువూరులో ట్రస్టు ఆసుపత్రికి తీసుకెళ్లమ్మా," అంది సరోజినీదేవి. "బుధవారం వస్తారు."

"అక్కడేం చేస్తారండీ?"

"ప్రశ్నలు అడుగుతారు."

"అది మాట్లాడటమే లేదు కదండీ, అడిగితే ఏం చెప్పిద్ది?"

సరోజినీదేవి మొహం రోడ్డువైపు తిప్పుకుంది. పక్కనున్నామె ఇంకేదో చెప్పబోయి, ఎదురు చూసి, సంచి గట్టిగా పట్టుకుంది. తిరువూరు రాగానే సెంటర్లో దిగి జనంలో కలిసిపోయింది. ఆ పిల్ల పేరేమిటని కూడా సరోజినీదేవి అడగలేదు.